ముప్పై రెండో భయం

నాంచారి ఫోను ఎత్తి గోడకేసి కొట్టబోయి, చెయ్యి గాల్లోనే ఆపుకుంది. ఫోను పగిలితే అందులో ఏడుస్తున్న పిల్లకు ఏమవుతుందో ఆమెకు తెలియదు.

పావుగంట క్రితం దాకా అది మామూలు మధ్యాహ్నమే. అంగన్‌వాడీ సెంటరు మూసి, నాలుగేళ్ళ కూతురు మోక్షితను చంకనేసుకుని ఇంటికొచ్చింది. అన్నాలు తిన్నారు. మొగుడు ఏడుకొండలు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేత మొదలుపెట్టాడు. ఆ చప్పుడు పక్కనే చాప వేసుకుని చదువుకోవడం నాంచారికి మూడేళ్ళుగా అలవాటు. చీరాలలో ఏడేళ్ళుగా ఆయా పని చేస్తోంది. ఇంటర్ దగ్గర ఆగిన చదువు. శిశు విద్యలో డిగ్రీ లేనివాళ్ళు ఇక మీదట టీచర్లు కావడం అటుంచి, ఆయాలుగా కూడా ఉండకూడదని కొత్త రూలొచ్చాక 'చిగురుబాట' అనే ఆన్‌లైన్ యూనివర్సిటీలో చేరింది. ఇప్పుడు మూడో ఏడు. మిగిలింది ఒక్క ప్రాక్టికల్. దాని పేరు 'తొలిరోజు ఏడుపు'.

నంద్యాల నుంచి ఇదే చదువు చదువుతున్న రమీజా ఆ పరీక్షకు సాధన చేస్తూ, విసిగిపోయి, ఫోను చేసి తన తెర చూపించింది. ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసుకున్నది లేదు గానీ అక్కా చెల్లీ అనుకునేంత దగ్గరయ్యారు.

"నాలుగోసారి చేస్తాండా అక్కా. ఈ పాప ఊరుకోడంలే. నువ్వు రోజూ పిల్లల్లోనే ఉంటావు గదా, యాడ తప్పు చేస్తాండానో సూడు."

ఇంట్లో కూర్చుని చదివే చదువుకు బడిలో పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? అందుకని యూనివర్సిటీ వాళ్ళు నీడపాపను కనిపెట్టారు. చదివేవాళ్ళ ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ దండచేతికి మెత్తటి పట్టీ ఒకటి కడతారు. పిల్ల గుండె ఎప్పుడు దడదడలాడింది, ఏ మాటకు నవ్వింది, ఎవరిని చూసి దాక్కుంది, అంతా ఆ పట్టీ దాచుకుంటుంది. రోజూ పొద్దున ఆరింటికి పచ్చదీపం ఒక్కసారి మినుక్కుమంటుంది. దాచిందంతా అటు వెళ్ళిపోతుంది. అక్కడ ఇంకో పిల్ల తయారవుతుంది. ముఖం మార్చి, గొంతు మార్చి, పేరు తీసేసి నంబరు తగిలిస్తారు. ఎవరి పిల్ల ఎవరి ఫోనులోకి వెళ్ళిందో ఎవరికీ తెలియదు. మొన్నటి దాకా నాంచారి ఫోనులోకి కరిచే అలవాటున్న పిల్లాడొకడు వచ్చేవాడు. వాడికి అన్నం సరిగ్గా పెడుతున్నారో లేదోనని కూడా ఆమె బెంగపడేది.

రమీజా తెర మీద ఉన్నది పాప పందొమ్మిది. పచ్చ గౌను, బొద్దు మొహం, రింగుల జుట్టు. తల్లి లాంటి బొమ్మ ఒకటి చెయ్యి ఊపి తలుపు దాటి వెళ్ళిపోయింది. పాప ఏడుపు అందుకుంది. రమీజా పుస్తకంలో చెప్పిన మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పింది. పాప వినలేదు.

"ఇప్పుడు రెండో మెట్టు అక్కా. ఈ పట్టికలోంచి ఒక భయం తీసి పెట్టాల. అది పెట్టినాక గూడా ఊరుకోబెడితేనే మార్కులు."

తెర మీద పట్టిక తెరుచుకుంది. నాంచారి చదవసాగింది.

నాలుగు: కుక్కరు మూడో కూత. మొదటి రెండూ ఫర్వాలేదు.

పదకొండు: స్నానాల గదిలో నీళ్ళు పోయే కంతలోకి తను కూడా జారిపోతానేమోనని.

పదిహేడు: హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళకు మొహం ఉండదని.

నాంచారి తెర దగ్గరికి వంగింది. ఆ మాటలు ఆమెవి. అక్షరం మారలేదు.

"రమీజా, ఆగమ్మా," అంది. కానీ రమీజా అప్పటికే చివరిది నొక్కేసింది.

ముప్పై రెండు: పొద్దున వెళ్ళిన అమ్మ సాయంత్రానికి తిరిగి రాదేమోనని. అన్నిటికన్నా ఇదే పెద్ద భయం.

పాప ఏడుపు ఠక్కున ఆగింది. ఆగకుండా ఉంటే బాగుండేది. ఎడమ చేత్తో చెవి తమ్మె పట్టుకుని, నోరు తెరిచి, చప్పుడు లేకుండా వణకడం మొదలుపెట్టింది. ముఖం ఎవరిదో. గొంతు ఎవరిదో. ఆ చెవి పట్టుకోవడం మాత్రం, ఇప్పుడు మగ్గం కింద నూలు చుట్టే ఖాళీ కండెలతో ఆడుకుంటున్న మోక్షితది.

నాంచారి ఫోను ఎత్తింది అప్పుడే.

*

ఆ పట్టిక తను రాసిచ్చిందే. ఈ మూడో ఏడు మొదట్లో ఫారమ్ ఒకటి వచ్చింది, 'మీ పాప భయాలు వివరించండి' అని. తక్కినవాళ్ళు రెండో మూడో రాసి ఊరుకున్నారు. నాంచారి నాలుగు పేజీలు రాసింది. నిలబడితే పడుతుందేమో, తింటే పొలమారుతుందేమో, నిద్రపోతే ఊపిరాడదేమో అని పుట్టిన దగ్గర్నుంచీ పిల్లను చూసుకున్న మనిషి. భయాల గురించి రాయమంటే ఆమెకు చెయ్యి ఆగుతుందా? ప్రాక్టికల్స్ చూసే వసుంధర మేడమ్ ఫోను చేసి, "ఇంత బాగా ఎవరూ రాయలేదండీ," అంది. పూర్తి మార్కులు వేసింది. చదువులో నాంచారికి పూర్తి మార్కులు రావడం జీవితంలో అదే మొదలు. ఏడుకొండలుకు చదివి వినిపించింది కూడా.

అతను అంతా విని, "ఇవి పిల్ల భయాలా, నీ భయాలా?" అన్నాడు నవ్వుతూ.

ఆ రోజు ఆ మాటకు మూతి ముడుచుకుంది. ఇవాళ చాప మీద కూర్చుని ఒక్కొక్కటే లెక్క వేసుకుంది. ముప్పై రెండింట్లో మోక్షితవి తొమ్మిది. తక్కినవన్నీ తనవే. చివరిదైతే పిల్లకు ఊహకైనా తెలియదు. తెలిసే వీలేది? తల్లి ఎటు వెళితే అటు చంకలోనే వెళ్ళింది. సెంటరుకూ తనతోనే, సంతకూ తనతోనే. "నా దగ్గర వదిలిపోవే, నేనేమన్నా ఎలుగుబంటునా?" అని ఏడుకొండలు ఎన్నిసార్లు అడిగినా, స్నానానికి పోయినంతసేపు తప్ప వదిలింది లేదు.

తన గుండెలో ఉన్న దడ తీసి కాగితం మీద పెట్టింది. వాళ్ళు దాన్ని పసిపిల్ల గుండెలో కుట్టేశారు.

*

"ముందు మీరు కూల్ అవ్వండి నాంచారి గారూ," అంది వసుంధర మేడమ్. "అది మీ పాప కాదు. అసలు పిల్లే కాదు. దానికి నొప్పి ఉండదు."

"నొప్పి లేకపోతే ఎందుకు ఏడుస్తంది మేడమ్?"

"ఏడవకపోతే మీరంతా నేర్చుకునేదెలా చెప్పండి?"

"ఎంతమంది ఏడిపిస్తన్నారు దాన్ని?"

"ఏడిపించడం అనకండి. సాధన. ఈ ఏడు పదకొండు వేలమంది విద్యార్థులున్నారు. పాప పందొమ్మిదినే ఎక్కువమందికి ఇస్తున్నాం. మా దగ్గర అందరికన్నా బాగా ఏడ్చే పాప అదే." ఆమె గొంతులో మెచ్చుకోలు ఉంది. "అయినా దానికేం గుర్తుండదండీ. ప్రతి పాఠం అవ్వగానే పొద్దున్న ఎలా ఉందో అలా పెట్టేస్తాం."

"అంటే ప్రతిసారీ దానికి వాళ్ళమ్మ మొదటిసారి పోయినట్టేగా."

మేడమ్ కాగితం చూసి చదువుతున్నట్టుగా అంది. "పట్టీ తీసేసే హక్కు మీకుంది. కాకపోతే కోర్సు అక్కడితో రద్దవుతుంది. నీడపాప చివరి రోజు దగ్గర ఆగిపోతుంది."

"ఆగిపోయిందాన్ని చెరిపేస్తారా?"

"లేదండీ, అది మా దగ్గరే ఉంటుంది. మీరు సంతకం చేశారు."

"పోనీ, ఆ భయాలు రాయకముందటి పాప ఉందిగా. దాన్నయినా పెట్టండి."

"అది కుదరదండీ. రోజూ వచ్చే కొత్తది పాతదాని మీదే పెరుగుతుంది. నిన్నటి పాప అంటూ ఎక్కడా ఉండదు. మీ ఇంట్లో మాత్రం నిన్నటి పాప ఉంటుందా? అందుకే అది అంత సహజంగా ఉంటుంది."

ఫోను పెట్టేసేసరికి ఏడుకొండలు మగ్గం ఆపి వింటున్నాడు. పోగులు కత్తిరించే చిన్న కత్తెర తీసుకుని లేచాడు. మోక్షిత చెయ్యి పట్టుకుని పట్టీ కిందకు కత్తెర దూర్చాడు.

నాంచారి అతని మణికట్టు పట్టుకుంది.

"వదులు. చదువు పేరు చెప్పుకుని నా బిడ్డను పదకొండు వేలమంది ఏడిపిస్తంటే చూస్తా కూర్చోమంటావా?"

"ఇప్పుడు కోస్తే అది ఇట్టాగే ఉండిపోద్దయ్యా. ఏడుస్తానే ఉండిపోద్ది. మనం సచ్చినా అది ఏడుస్తానే ఉంటది."

"అది మన పిల్ల కాదే."

"కాదు," అంది నాంచారి. "కానీ దాని ఒంట్లో ఉన్న దడ నాది. నేనే ఇచ్చా."

అతను కత్తెర కింద పెట్టలేదు గానీ, కొయ్యనూ లేదు. మోక్షిత ఇద్దరి మొహాలూ చూసి, ఎడమ చేత్తో చెవి తమ్మె పట్టుకుంది.

*

ఆ రాత్రి సంగతి ఎందుకు, ఇద్దరికీ నిద్ర లేదని చెబితే చాలు. మర్నాడు సెంటరులో కొత్తగా చేరిన పిల్ల ఒకతి గుమ్మం దగ్గర ఏడుస్తోంది. నాంచారి చేతులు అలవాటుగా తమ పని తాము చేశాయి. ఆ పిల్ల తల్లిని పిలిచి, తన కొంగున ముడేసి ఉంచుకునే ఎర్ర పోగు ఒకటి ఇచ్చింది. తల్లి ఆ పోగును బిడ్డ చిటికెన వేలికి కట్టింది. చెప్పాల్సిన మాట నాంచారి పక్కన నిలబడి చెప్పించింది. "ఈ ముడి నేనే విప్పాలి. నేనొచ్చిందాకా ఎవరు అడిగినా ఇయ్యమాక."

మగ్గం ఉన్న ఇల్లు కాబట్టి ఆమెకు తట్టిన ఉపాయం అది. ఏడేళ్ళుగా ఎంతమంది తల్లులకు నేర్పిందో లెక్కలేదు. వేలికి ముడి పడగానే పిల్లలకు ఒక పని దొరుకుతుంది, దాన్ని కాపాడుకోవడం. ఏడుపు మర్చిపోతారు. రెండో ఏడులో దీని గురించి అసైన్‌మెంటు రాసి పంపితే, 'పాఠంలో లేని పద్ధతి' అని సున్నా వేశారు.

పిల్ల ఏడుపు మానింది. వేలు పైకెత్తి పట్టుకుని పోయి గోడవారన కూర్చుంది. నాంచారి అక్కడే నిలబడిపోయింది. ఇంతమంది పిల్లలకు కట్టించింది. మోక్షితకు ఒక్కసారీ కట్టలేదు. వదిలి వెళ్ళలేదు కాబట్టి కట్టాల్సిన అవసరమే రాలేదు. అమ్మ వెళ్ళడమంటే ఏమిటో తెలియని పిల్లకు, అమ్మ తిరిగి రావడమంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? తెలియని ఆ ఖాళీలోనే వాళ్ళు ముప్పై రెండో భయం నింపారు.

పొద్దున ఆరింటికి పచ్చదీపం మినుక్కుమంటుంది. మోక్షిత ఏది నేర్చుకుంటే ఆ పిల్లా అదే నేర్చుకుంటుంది.

నేర్పాలంటే నాంచారి వెళ్ళాలి. పిల్లను వదిలి, నిజంగా వెళ్ళాలి.

*

మొదటి రోజు మగ్గం మీది ఎర్ర పోగు తెంపి మోక్షిత వేలికి కట్టి, వీధి చివర కొట్టు దాకా వెళ్ళింది. పది నిమిషాలు. పిల్ల వీధంతా వినపడేలా ఏడ్చింది. కొట్టు దగ్గర నిలబడి ఆ ఏడుపు వింటుంటే నాంచారికి మగ్గం పలక జారి పిల్ల మీద పడ్డట్టు, ఏడుకొండలు గమనించనట్టు, వీధిలోకి పరిగెత్తుకొచ్చిన పిల్లకు ఆటో ఎదురైనట్టు, అన్నీ కళ్ళ ముందు జరిగిపోయాయి. చెప్పు తెగేలా వెనక్కి వచ్చింది. ముడి విప్పింది.

"వచ్చానా?" అంది.

మోక్షిత కోపంగా చూసింది.

రెండో రోజు గంట. మూడో రోజు మార్కెట్టు. తను వెళ్ళిన ప్రతిసారీ ఆ పచ్చ గౌను పిల్ల దగ్గరికి కూడా ఒక అమ్మ వెళ్ళి, తిరిగొస్తున్నట్టు లెక్క. అట్లా అనుకుంటేనే కాళ్ళు కదిలేవి. లేకపోతే వాళ్ళ మీద కోపం కదిలించేది. పదకొండు వేలమంది చేతుల్లో ఆ పిల్ల రోజంతా నోరు తెరుచుకుని వణుకుతూ ఉంటుంది, మేడమ్ ఏసీ గదిలో కూర్చుని దాన్ని 'సహజం' అంటుంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాంచారి ఇంకో పది అడుగులు వేసేది.

అయిదో రోజు మోక్షిత ఏడవలేదు. "నువ్వొచ్చిందాకా నాన్న విప్పుతానన్నా ఇయ్యలా," అని చెప్పింది, పెద్ద కార్యం చేసినట్టు. ఏడుకొండలు మగ్గంలోంచి, "నా కూతురే నన్ను నమ్మడంలా, నీ పోలికే," అన్నాడు. నాంచారికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే కళ్ళు నిండాయి.

ఎనిమిదో రోజు బస్సెక్కి బాపట్ల వెళ్ళింది. అక్కడ ఆమెకు పనేం లేదు. బస్టాండులో సిమెంటు బల్ల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని, వచ్చే బస్సుల్ని, పోయే బస్సుల్ని చూసింది. ప్రతి బస్సూ బోల్తా పడేదానిలాగే కనిపించింది. అయినా కూర్చుంది.

*

పదో రోజు రమీజా ఫోను.

"అక్కా, ఏం చేసినావు నువ్వు? ఆ పాప ఏడవడంలే. వాళ్ళమ్మ పోతానే చిటికెన వేలు పైకెత్తుకుని కూర్చుంటాది. ముప్పై రెండు నొక్కినా అంతే. మా గ్రూపులో అందరికీ ఇట్లనే ఉందంట."

గంట తిరక్కుండా వసుంధర మేడమ్ చేసింది. ఈసారి గొంతులో మెచ్చుకోలు లేదు.

"పాపకు ఏం నేర్పారు?"

"అమ్మ వస్తదని నేర్పా."

"మీకు అర్థమవుతోందా? పదకొండు వేలమంది ప్రాక్టికల్స్ ఆగిపోయాయి. వేలు చూపించి, 'మా అమ్మ వచ్చి విప్పిద్ది' అని కూర్చుంటోంది. దాంతో ఎవరు ఏం నేర్చుకుంటారు?"

"దానితోనే నేర్చుకోవాలి మేడమ్. నేర్చుకోవాల్సింది అదేగా."

మేడమ్ గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతు అరుపు కన్నా భయంగా ఉంది. "నాంచారి గారూ, మీ డిగ్రీ పాడు చేయాలని నాకు లేదు. ఒక్క పని చెయ్యండి. ఒక్కసారి ముడి కట్టి వెళ్ళి, ఆ రోజుకి రాకండి. మీవారు ఇంట్లోనే ఉంటారుగా, పాపకు ఏ ప్రమాదం లేదు. మర్నాడు ఆరు దాటాక వచ్చెయ్యండి. ఒక్కరోజు చాలు, అంతా మళ్ళీ మామూలైపోతుంది. మీకు ఫస్ట్ క్లాస్ నేను చూసుకుంటాను. టీచరు పోస్టు మీదే."

ఏడేళ్ళు ఊడ్చిన గది, కడిగిన పలకలు, టీచరు కుర్చీ, అన్నీ నాంచారి కళ్ళ ముందు వచ్చి వెళ్ళాయి.

"మేడమ్, మీరు చదువుకున్నవాళ్ళు. శిశు విద్యలో పెద్ద డిగ్రీలే ఉండుంటాయి," అంది చివరికి. "పిల్లకు మాటిచ్చి తప్పమని ఏ పుస్తకంలో ఉందో పేజీ నంబరు చెప్పండి. నేను చదువుకుంటా."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడయింది.

*

మర్నాడు ఆమె మళ్ళీ బాపట్ల వెళ్ళి, సాయంత్రం దీపాలు పెట్టకముందే తిరిగొచ్చింది. మోక్షిత గుమ్మంలో వేలు చాపి నిలబడి ఉంది. ముడి విప్పి పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

"రాకపోతే ఏం చేసేదానివే?"

"వస్తావుగా," అంది మోక్షిత. అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

పొద్దున ఆరింటికి పట్టీ మీద పచ్చదీపం మినుక్కుమంది. ఇక అక్కడి పిల్ల ఆగిపోయినా ఏడుస్తూ ఆగిపోదు. నాంచారి ఏడుకొండలు చేతిలోని కత్తెర తనే తీసుకుంది. పట్టీ తెగి చాప మీద పడింది. దాని కింద చర్మం తెల్లగా, పాలిపోయి ఉంది. నాంచారి బొటనవేలితో ఆ మచ్చను చాలాసేపు రుద్దింది, పోతుందేమోనని.

మధ్యాహ్నం మూడింటికి తన పరీక్ష. కోర్సు రద్దయిపోయి ఉంటుందనుకుంటూనే లింకు నొక్కింది. తెరుచుకుంది. మేడమ్ కోపం ఇంకా కంప్యూటరు దాకా చేరినట్టు లేదు.

గది. తలుపు. తల్లి లాంటి బొమ్మ చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. పచ్చ గౌను పిల్ల గోడవారన కూర్చుని చిటికెన వేలు పైకెత్తి పట్టుకుంది. దూరంగా ఎక్కడో కుక్కరు కూత వేసింది. ఒకటి. రెండు. మూడో కూతకు పిల్ల ఉలిక్కిపడి చెవి తమ్మె పట్టుకుంది. రెండో చేతి వేలు మాత్రం దించలేదు.

పుస్తకంలో చెప్పిన మాటలు ఒక్కటీ నాంచారి నోట రాలేదు. తెర మూలన గడియారం తిరుగుతోంది, మార్కులు తగ్గుతున్నాయి.

"ఎవరి కోసం కూర్చున్నావమ్మా?"

"మా అమ్మ కోసం."

ఆ పిల్ల ఇంక పెరగదు. రేపూ, ఎల్లుండీ, ఎవరి తెర మీదైనా ఈ గోడ దగ్గరే కూర్చుంటుంది. ఏడవకుండా కూర్చుంటుంది, అంతే. పాఠం అయిపోయేలోపు ఏ అమ్మా రాదు. ఆ బాధ ఇక ఎప్పటికీ తనను వదలదని నాంచారికి తెలిసింది. తెర మీదికి చెయ్యి చాపింది.

"ఇటియ్యి. నేను విప్పుతా."

పిల్ల వేలును వెనక్కి లాక్కుని, గుండెకు ఆనించి దాచుకుంది.

"నువ్వు కాదు. మా అమ్మే విప్పాలి."

నాంచారి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కన మగ్గం చప్పుడు ఆగింది. మోక్షిత వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించి తెరలోకి చూసింది.

"అవును తల్లీ," అంది నాంచారి, తెర మీద సున్నా పడుతుండగా. "ఎవురడిగినా ఇయ్యమాక."